కడప బండకు పులుపు పడదు: రాతి నేలకు, వంట గట్టుకు క్లీనర్ ఎంచుకునే పద్ధతి

గృహప్రవేశానికి నాలుగు రోజుల ముందు మా హాల్లో కొత్తగా పరిచిన బండల మీద మేస్త్రీ బకెట్టెడు యాసిడ్ నీళ్లు గుమ్మరించాడు. సిమెంటు మరకలు పోవాలని. బుస్సుమని నురగ లేచింది. "నురగ వస్తాంది అంటే మురికి పోతాంది సార్" అన్నాడు. నేనూ చేతులు కట్టుకొని ముచ్చటగా చూస్తా నిలబడ్డాను. తెల్లారి ఆరినాక చూస్తే సిమెంటు మరకలు పోయాయి, వాటితోబాటు పాలిషూ పోయింది. నల్లగా నిగనిగలాడాల్సిన బండలు విభూది రాసినట్టు అయ్యాయి. అప్పుడు లేచిన ప్రతి బుడగా బండ కరిగి గాలిలో కలవడమేనని నాకు తెలిసేసరికి పాలిష్ మిషన్ ఇంటికి రెండోసారి వచ్చింది, డబ్బులూ రెండోసారి కట్టాను.

ఆ దెబ్బతో నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. కడపలోగానీ, అనంతపురంలోగానీ, కర్నూల్లోగానీ మీ ఇంట్లో రాతి నేల ఉంటే, క్లీనర్ సీసా కొనే ముందు తెలుసుకోవాల్సింది సీసా గురించి కాదు, కాలి కింద ఉన్న రాయి గురించి.

ముందు మీ బండ ఏదో తేల్చుకోండి

మన దగ్గర ఇళ్లలో పరిచే రాళ్లలో ఎక్కువ భాగం సున్నపురాయి. నల్లటి కడప బండ, తాడిపత్రి బండ, బేతంచెర్ల బండ, మామూలుగా నాపరాయి అని పిలిచేవి అన్నీ ఆ కుటుంబమే. (బేతంచెర్ల 2022లో నంద్యాల జిల్లాలోకి వెళ్లింది గానీ, బండల అంగట్లో ఆ పేరు మారలేదు.) ఎర్రగుంట్ల, తాడిపత్రి, కొలిమిగుండ్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు అన్నేసి ఎందుకు వచ్చాయంటే, భూమిలో ఈ రాయి ఉంది కాబట్టే. రాజస్థాన్ నుంచి వచ్చే కోటా రాయీ సున్నపురాయే. మార్బుల్ కూడా అదే పదార్థం, భూగర్భంలో వేడికీ ఒత్తిడికీ రూపం మారిందంతే. వీటన్నిటిలో ముఖ్యంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. ఆమ్లం తగిలితే ఇది కరుగుతుంది, కార్బన్ డయాక్సైడ్ బుడగలై పోతుంది.

కరుగుతుందంటే నమ్మకం కుదరకపోతే ఒకసారి బెలుం గుహలకు వెళ్లి రండి. 3,229 మీటర్ల పొడవున ఆ సొరంగాలను తొలిచింది నీళ్లే. వాన నీటిలో గాలి నుంచి, మట్టి నుంచి కలిసిన కార్బన్ డయాక్సైడ్ వల్ల ఆ నీటికి చాలా కొద్దిపాటి పులుపు వస్తుంది. ఆ కాస్త పులుపుకే భూమి లోపల గదులు ఏర్పడ్డాయి, కాకపోతే లక్షల ఏళ్లు పట్టింది. నిమ్మరసం దానికన్నా ఎన్నో రెట్లు ఘాటు. దానికి గట్టు మీద ఒక నిమిషం చాలు.

గ్రానైట్ సంగతి వేరు. అందులో ఉండేది క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ లాంటి గట్టి ఖనిజాలు. నిమ్మకాయకు అది జంకదు. చిక్కేమిటంటే, నల్ల గ్రానైట్‌నూ పాలిష్ పట్టిన నల్ల కడప బండనూ పక్కపక్కన పెడితే చాలామంది పోల్చలేరు. పాత ఇల్లు కొన్నవాళ్లకూ, బాడుగ ఇంట్లో ఉండేవాళ్లకూ ఇది ఇంకా కష్టం. అందుకే రెండు చిన్న పరీక్షలు.

గీత పరీక్ష: సిలిండర్ వెనకో, గట్టు అడుగునో కనబడని చోట చాకు మొనతో గీయండి. సున్నపురాయి మీద తెల్లటి గీత పడి పొడి రాలుతుంది. గ్రానైట్ మీద చాకే అరిగి మెరుపు చార వదులుతుంది. ఖనిజాల గట్టిదనం కొలిచే మోహ్స్ లెక్కలో సున్నపురాయిలోని కాల్సైట్ 3, చాకు ఉక్కు సుమారు 5.5, క్వార్ట్జ్ 7.

పులుపు పరీక్ష: ఆ గీత దగ్గర రాలిన పొడి మీదే ఒక చుక్క నిమ్మరసం వేయండి. చిన్న చిన్న బుడగలు లేస్తే సున్నపురాయి. నున్నటి బండ మీద కంటే పొడి మీద ఇది బాగా కనబడుతుంది. పని అయ్యాక వెంటనే తడిగుడ్డతో తుడిచేయండి. బండలు పరిచినప్పుడు మిగిలిన ముక్క ఇంటి వెనక పడి ఉంటే, రెండు పరీక్షలూ దాని మీదే చేయడం ఇంకా మంచిది. ఆ ముక్కను పారేయకండి, ముందు ముందు దాంతో చాలా పని ఉంది.

పులుపు ఎక్కడెక్కడ దాక్కుంటుందో

యాసిడ్ సీసా అంటే అందరికీ భయమే. బాత్రూంలో వాడే హార్పిక్ లాంటి టాయిలెట్ క్లీనర్లలో హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉంటుందని సీసా మీదే రాసి ఉంటుంది. పింగాణీకి అది సరే, బాత్రూం గుమ్మంలో ఉన్న కడప బండ మీద ఒలికితే చెల్లదు. అసలు ప్రమాదం మనం పులుపు అనుకోని వాటితో.

వంటింట్లో మొదటి ముద్దాయి చింతపండు. ఇత్తడి చెంబులు, దీపపు కుందులు చింతపండుతో తోమి, తోమిన చోటే బండ మీద బోర్లించడం మన అలవాటు. పండగ మర్నాడు గట్టు మీద గుండ్రంగా తెల్లటి మచ్చలు కనబడతాయి. అవి మరకలని అనుకొని మళ్లీ నిమ్మచెక్కతో రుద్దేవాళ్లను చూశాను. ఇక అంతే సంగతులు. నిమ్మకాయ ఊరగాయ, టొమాటో రసం, మజ్జిగ, కూల్ డ్రింక్, వెనిగర్, అన్నీ ఇదే కోవ.

రెండో ముద్దాయి గురించి రాస్తే కొందరికి కోపం రావచ్చు: ఇంట్లో తయారుచేసే బయో ఎంజైమ్. నిమ్మ, బత్తాయి తొక్కలు బెల్లంతో మూడు నెలలు పులియబెట్టి చేసేది. అనంతపురంలో బత్తాయి తొక్కలకు కొదవలేదు కాబట్టి ఇక్కడ దాని మీద మోజు ఎక్కువే. మంచి ఉద్దేశమే, టైల్స్‌కు బాగానే ఉంటుంది. కానీ పులిసిందంటేనే పుల్లనిది. నీళ్లు కలిపినా రోజూ తుడిస్తే సున్నపురాయి మెరుపు మెల్లమెల్లగా చచ్చిపోతుంది. కుంకుడు రసం కూడా కొద్దిగా ఆమ్లమే. రసాయనం లేదన్నంత మాత్రాన రాయికి మంచిదని కాదు. బెలుం గుహలను తొలిచిన నీళ్లలో మాత్రం ఏ ఫ్యాక్టరీ రసాయనం ఉందని!

సీసా వెనక చదవడం, పేపర్ ముంచడం

అంగట్లో సీసా తిప్పి వెనక వైపు చూడండి. హైడ్రోక్లోరిక్, సిట్రిక్, సల్ఫామిక్, ఫాస్ఫారిక్, ఆక్సాలిక్, అసిటిక్ అనే పేర్లలో ఏది ఉన్నా సున్నపురాయికీ మార్బుల్‌కూ వద్దు. 'టైల్ క్లీనర్', 'హార్డ్ వాటర్ స్టెయిన్ రిమూవర్', 'సిమెంట్ రిమూవర్' అని పెద్ద అక్షరాలతో ఉన్నవి చాలావరకు ఆమ్లాలే. హైడ్రోఫ్లోరిక్ అనో, బైఫ్లోరైడ్ అనో ఉంటే గ్రానైట్ మీదకూ తేవద్దు. గ్రానైట్‌ను కూడా తినేది అదే, మనిషి చర్మానికి మహా ప్రమాదం. నిమ్మకాయ బొమ్మ ఉన్నంత మాత్రాన నిమ్మరసం ఉన్నట్టు కాదు, ఒక్కోసారి అది వాసన మాత్రమే. అలాగని బొమ్మను నమ్మి వదిలేయనూ కూడదు.

ఈ అనుమానాలన్నీ తీర్చే వస్తువు ఒకటుంది, పీహెచ్ పేపర్. కాలేజీ ల్యాబులకు సామాన్లు అమ్మే అంగళ్లలో చిన్న పుస్తకంలా దొరుకుతుంది. ఒక ముక్క ముంచి, వచ్చిన రంగును అట్ట మీది రంగులతో పోల్చుకోవడమే. 7 అంటే తటస్థం, అంతకు తగ్గితే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఒక్కో అంకె తేడా అంటే పది రెట్లు. నిమ్మరసం 2 దరిదాపుల్లో ఉంటుంది, అంటే 7 కంటే అయిదు అంకెలు కింద, లెక్కకు లక్ష రెట్లు. మీరు వెతకాల్సింది 7 నుంచి 8 మధ్య. 9 దాకా అప్పుడప్పుడూ పరవాలేదు.

మన బోరు నీళ్లలో కరిగిన లవణాలు ఎక్కువ, అవి పీహెచ్‌ను మారుస్తాయి. అందుకే పరీక్షకు ఆర్వో నీళ్లతో కలపండి. బ్లీచింగ్ నీళ్లలో ఈ పేపర్ ముంచొద్దు, రంగే ఎగిరిపోయి తప్పు లెక్క చూపిస్తుంది.

నేను పరీక్షించిన వాటిలో రోజువారీ పనికి అన్నిటికన్నా నమ్మకంగా తేలింది గిన్నెలు తోమే లిక్విడే, అదీ రంగూ వాసనా తక్కువున్న రకం. 'పీహెచ్ న్యూట్రల్', 'స్టోన్ క్లీనర్' అని అమ్మే సీసాలు బాగుంటాయి, ఖరీదు మాత్రం ఎక్కువ. మార్బుల్ హాలున్నవాళ్లు కొనుక్కోవచ్చు, నాపరాయి వరండాకు అంత అక్కర్లేదు.

క్షారం వైపు

చాకలి సోడా, బట్టల సోడా పొడి, బ్లీచింగ్ పౌడర్ క్షారాలు. ఆమ్లంలా బండను కరిగించవు గానీ పాలిష్‌ను మందగిస్తాయి, సీలర్ (బండలోకి నీళ్లూ నూనే ఇంకకుండా వేసే పూత) ఉంటే దాన్ని ఊడదీస్తాయి, సరిగా కడగకపోతే తెల్లటి పొరగా మిగిలిపోతాయి. వరండాలో పాచి పడితే బ్లీచింగ్ ఒకసారి వాడి బాగా కడిగేయండి, వారం వారం వద్దు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. బ్లీచింగ్‌నూ యాసిడ్‌నూ కలిపినా, ఒకదాని మీద ఒకటి పోసినా క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన బాత్రూంలో అది ప్రాణం మీదకు తెస్తుంది. పొరపాటున జరిగితే శుభ్రం చేయడానికి ఆగకుండా బయటికి వచ్చేయండి. దగ్గు, ఊపిరాడకపోవడం ఉంటే ఆసుపత్రికి పోవాల్సిందే.

కొత్త సీసా మొదటిసారి

దాచిపెట్టిన బండ ముక్క ఇప్పుడు పనికొస్తుంది. అది లేకపోతే స్టవ్ వెనక మూల. వాడే మోతాదులోనే కలిపి, అరచేయంత మేర పూసి పది నిమిషాలు ఉంచండి. మంచి నీళ్లతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. తడిగా ఉన్నప్పుడు అన్ని బండలూ అందంగానే ఉంటాయి! ఆరినాక సెల్‌ఫోన్ టార్చ్‌ను బండకు ఆనించినట్టు ఏటవాలుగా వేసి చూడండి. పూసిన చోట వెలుతురు మసకబారితే ఆ సీసా మీకు పనికిరాదు.

రోజూ తుడిచే తీరు

ముందు పొడి చీపురు, తర్వాతే తడి. ఈ వరస తప్పితే ఎంత మంచి క్లీనరైనా దండగ. మన ఊళ్లల్లో చెప్పులకు అంటుకొని వచ్చే ఇసకలో క్వార్ట్జ్ ఉంటుంది. గట్టిదనంలో అది 7, మీ బండ 3. ఇసక మీద తడి మాప్ తోస్తే బండకు గరుకు కాగితం పట్టినట్టే. మెత్తటి చీపురుతో ఊడ్చి, ఆ తర్వాత అర బకెట్టు నీళ్లలో ఒక చెంచా లిక్విడ్ కలిపి, మాప్‌ను బాగా పిండి తుడవండి. రెండోసారి ఉత్త నీళ్లతో. వీలైతే పొడిగుడ్డ.

లిక్విడ్ ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రం అవుతుందనేది మా ఇంట్లో పెద్ద తగువు. నురగ మిగిలితే దుమ్ము దానికే అంటుకుంటుంది. ఒక చెంచా అంటే ఒక చెంచానే.

సబ్బు బిళ్ల అరగదీసి నేల కడగొద్దు. బోరు నీళ్లలోని కాల్షియం సబ్బుతో కలిసి కరగని జిడ్డు పొర అవుతుంది, బకెట్టు అంచుకు తెల్లగా పట్టేది అదే. లిక్విడ్ డిటర్జెంట్లతో ఈ బాధ లేదు. గిన్నెలు తోమే పౌడరు, ఇనుప పీచు గట్టు మీద వద్దు. పౌడరు గీస్తుంది, పీచు నలుసులు పగుళ్లలో ఇరుక్కొని తుప్పు పడతాయి.

కడప బండ నల్లగా ఉండాలని నూనె రాసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. ఆ పూటకు బాగుంటుంది. వారానికి దుమ్ము పట్టి జిగటైపోతుంది.

బోరు నీళ్ల తెల్ల పొర

కుళాయి చుట్టూ, సింకు అంచున, నీళ్ల బిందె పెట్టే చోట తెల్లగా గట్టిగా పేరుకునే పొర గురించి మిగతా వాటికన్నా ఎక్కువ ప్రశ్నలు వస్తాయి. అది దేనితో తయారైందో తెలుసా? కాల్షియం కార్బొనేట్‌తోనే. మీ బండ దేనితో తయారైందో అదే. ఆ పొరను కరిగించే ప్రతి మందూ బండనూ కరిగిస్తుంది. పొరను మాత్రం తిని బండను వదిలే ఆమ్లం ఏదీ లేదు, అంగటి వాడు ఏం చెప్పినా సరే.

కాబట్టి గోకడమే దారి. గుడ్డను లిక్విడ్ కలిపిన గోరువెచ్చటి నీళ్లలో తడిపి అరగంట దాని మీద వేసి ఉంచండి. తర్వాత పాత ఏటీఎం కార్డు లాంటి ప్లాస్టిక్ అంచుతో పొరలు పొరలుగా తోయండి. మొండిగా ఉంటే కొత్త బ్లేడును దాదాపు పడుకోబెట్టి, తడి మీద, ఒకే వైపు నెట్టండి. ఒక్క రోజులో పోదు. పోయాక కుళాయి పక్కన ఒక పొడిగుడ్డ పెట్టుకొని రాత్రి పడుకునే ముందు తుడిచేస్తే మళ్లీ పేరుకోదు. గ్రానైట్ గట్టుకైతే నీళ్లు కలిపిన వెనిగర్ రెండు నిమిషాలు పూసి కడిగేయవచ్చు, అదీ మూలలో పరీక్షించాకే.

గోడ పక్క బండల మీద తెల్లటి పొడి ఉబికి వస్తుంటే అది వేరే జబ్బు. కింద తేమ ఉండి, లవణాలు పైకి లేస్తున్నాయి. దాన్ని పొడి బ్రష్‌తో ఊడ్చేయండి, కడిగితే ఆ ఉప్పు మళ్లీ లోపలికే పోతుంది. తేమ ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కోనంత కాలం అది వస్తూనే ఉంటుంది.

మరకా, కరిగిన మచ్చా?

బండ రంగు కంటే ముదురుగా ఉంటే ఏదో లోపలికి ఇంకింది, అది మరక, లాగవచ్చు. బండ కంటే తెల్లగా, తాకితే కాస్త గరుకుగా ఉంటే పులుపు తిన్న చోటు. దానికి క్లీనర్ ఏదీ లేదు, పాలిష్ ఒక్కటే మందు.

నూనె మరకకు వంట సోడాను కొద్ది నీళ్లతో ఇడ్లీ పిండిలా కలిపి, అర అంగుళం మందాన పట్టించి, పైన ప్లాస్టిక్ కవరు కప్పి అంచులు టేపుతో అంటించండి. ఒక రోజు తర్వాత కవరు తీసి, పిండిని దానంతట అది ఎండనివ్వండి. ఎండేటప్పుడే నూనెను పైకి లాగుతుంది. దీపాల నూనె ఏళ్ల తరబడి ఇంకిన దేవుని గదిలో నాలుగైదు సార్లు వేయాల్సి వచ్చింది నాకు.

పసుపుతో ఒక తమాషా ఉంది. సబ్బు నీళ్లు తగలగానే ఎర్రగా మారుతుంది, కంగారు పడొద్దు. పసుపులో సున్నం కలిపి పారాణి చేసేదీ ఈ గుణంతోనే. కడిగేస్తే ఎరుపు తగ్గుతుంది. ఎండ తగిలే చోటైతే మిగిలిన పసుపు తనంతట తనే వెలిసిపోతుంది. లేత రంగు బండ మీద పసుపు, టీ మరకలకు మెడికల్ షాపు హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను సమానంగా నీళ్లతో కలిపి, అందులో తడిపిన దూదిని మరక మీద వేసి కప్పి ఉంచవచ్చు. నల్ల బండ మీద వద్దు, రంగు తేలిపోతుంది.

సిలిండర్ అడుగు వలయం తుప్పు. తుప్పు పోగొట్టే మందుల్లో ఎక్కువ భాగం ఆమ్లాలే, కాబట్టి సున్నపురాయి మీద మన చేతిలో పని కాదు, పాలిష్ వాళ్లకు చూపించండి. వాళ్లు ఆక్సాలిక్ పొడి వాడటం చూసి మనమూ తెచ్చుకొని రుద్దితే చెడుతుంది. వాళ్లకు మిషనూ, ప్యాడ్‌లూ, ఎప్పుడు ఆపాలో తెలిసిన చెయ్యీ ఉన్నాయి. కొత్త సిలిండర్ వచ్చిన రోజే కింద చక్రాల స్టాండు పెడితే తీరిపోయేది.

సీలర్ వేయించాలా?

నాలుగు చుక్కల నీళ్లు వేసి పావుగంట ఆగండి. తుడిచాక ఆ చోటు నల్లబడి ఉంటే బండ పీలుస్తోందన్నమాట, వంట గట్టుకైతే సీలర్ వేయించుకోండి. నీళ్లు ముత్యాల్లా నిలిచి ఉంటే డబ్బులు దండగ. సీలర్ వేశాం కదా అని నిమ్మచెక్క గట్టు మీద పెట్టేస్తారు చాలామంది. సీలర్ ఇంకడాన్ని ఆపుతుంది, పులుపు పైపూతను తినడాన్ని ఆపదు. నిమ్మకాయ కోయడానికి పళ్లెమో పీటో వాడుకోవాలి.

కొత్తగా ఇల్లు కడుతున్నవాళ్లు మేస్త్రీతో ముందే మాట్లాడుకోండి. బండలు పరిచిన రోజే పైన మందపాటి కవరైనా, అట్టలైనా పరిపించండి. పడిన సిమెంటును పచ్చిగా ఉన్నప్పుడే తడిగుడ్డతో తీయించండి. ఎండిపోతే చెక్క ముక్కతోనో ప్లాస్టిక్ అంచుతోనో గోకించండి. "యాసిడ్ వాష్ వద్దు అన్నా, చేస్తే పాలిష్ ఖర్చు నీదే అవుతుంది" అని మాట తీసుకొని, యాసిడ్ క్యాను అసలు గేటు లోపలికే రానివ్వకండి. పనిమనిషికి చెప్పేటప్పుడు మాత్రం ఈ రసాయన శాస్త్రమంతా అక్కర్లేదు. మా ఇంట్లో రెండు సీసాలకు రంగు దారం కట్టాం. ఎర్ర దారం ఉన్నది టాయిలెట్‌కు, పచ్చ దారం ఉన్నది బండలకు. "పచ్చ దారందేనా అక్కా?" అని ఆమె ఇప్పటికీ అడిగి మరీ తీసుకుంటుంది.